పాస్‌వర్డ్ రాసిపెట్టండి, మర్యాద మానండి

బ్యాంకు గోడ మీది పోస్టరైనా, పోలీసుల ఫ్లెక్సీ అయినా, ఆ మధ్య అవతలివాళ్లు ఫోనెత్తేలోపు చెవిలో మోగిన రికార్డింగైనా చెప్పేది ఒకటే మాట: అప్రమత్తంగా ఉండండి. ఆ మాట ఎవరికి చెబుతున్నారో ఒకసారి చూడాలి. జైనథ్‌లో పొద్దంతా పత్తి ఏరి నడుం పట్టేసి ఇల్లు చేరిన మనిషికి చెబుతున్నారు. కోరుట్లలో వెయ్యి బీడీల లెక్క తీర్చి అప్పుడే పొయ్యి ముట్టించిన ఆడమనిషికి చెబుతున్నారు. సిరిసిల్లలో రాత్రంతా మరమగ్గాల దగ్గర నిలబడి పొద్దున పడుకున్నవాడికి చెబుతున్నారు. వీళ్లకు ఫోన్ చేసేవాడికి మాత్రం మోసమే ఉద్యోగం. పొద్దస్తమానం నంబర్లు కొడుతూనే ఉంటాడు. అందులో ఒక్కరు అలిసిపోయి ఉంటే వాడి రోజు గడిచినట్టే.

నేను కంప్యూటర్ల భద్రత పని చేసేవాణ్ని. మనిషి మెలకువ మీద నిలబడే భద్రతను నేను భద్రత అనను. తెలివిగలవాళ్లూ ఏదో ఒక పూట ఏమరుపాటున ఉంటారు. 2024లో నిర్మల్‌లో యూబిట్ కాయిన్ పేరుతో నడిచిన గొలుసుకట్టు దందాలో అరెస్టయినవారిలో ప్రభుత్వ ఉద్యోగులూ ఉన్నారు. చదువు అడ్డం పడలేదు. ఏమరుపాటు పూట వెయ్యి రూపాయలు పోతాయా, పంట డబ్బంతా పోతుందా అన్నది ముందుగా చేసిపెట్టుకున్న ఏర్పాటును బట్టి ఉంటుంది. అందుకే కింద చెప్పేవి మీరు ఇన్నాళ్లూ విన్నవాటికి ఎదురు పోతాయి. తప్పుడు సలహాల్లా కనిపిస్తాయి. ప్రతి మాటా మనస్ఫూర్తిగా చెబుతున్నవే.

పాస్‌వర్డ్‌లు పుస్తకంలో రాయండి

పాస్‌వర్డ్ ఎక్కడా రాయొద్దన్నది పాత మాట. రాయకూడదనుకున్నవాళ్లు ఏం చేస్తారు? గుర్తుండేది పెట్టుకుంటారు. మొదటి అక్షరం పెద్దది, మధ్యలో అట్ గుర్తు, చివర 123. బ్యాంకుకూ అదే, ఈమెయిల్‌కూ అదే, పిల్లల పరీక్ష దరఖాస్తుకూ అదే. ఆ దరఖాస్తు వెబ్‌సైట్‌ను ఎవడో దోచిన రోజు మీ ఈమెయిల్ తాళం కూడా వాడి చేతికి వెళ్లినట్టే.

పెద్ద అక్షరం, అంకె, గుర్తు, కొన్ని నెలలకోసారి మార్పు అనే ఈ పద్ధతిని 2003లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ కోసం రాసింది బిల్ బర్ అనే ఉద్యోగి. 2017లో ఆయనే అందులో చాలా భాగానికి చింతిస్తున్నానని పత్రికకు చెప్పాడు. అదే ఏడు నిస్ట్ కూడా మార్గదర్శకాలు మార్చింది: లీకైందని తెలిస్తే తప్ప పాస్‌వర్డ్ మార్చమని వేధించకండి, పొడవుగా పెట్టుకోనివ్వండి అంది. మన దగ్గర ఆఫీసుల్లో ఇప్పటికీ మూడు నెలలకోసారి మార్చమని కంప్యూటర్ సతాయిస్తూనే ఉంటుంది, ఉద్యోగి చివరి అంకెను 3 నుంచి 4 చేసి ఊరుకుంటాడు.

పాస్‌వర్డ్‌లు కాగితం మీద రాసి పర్సులో దాచుకోండని కంప్యూటర్ భద్రతా నిపుణుడు బ్రూస్ ష్నయర్ 2005లోనే చెప్పాడు. పర్సును కాపాడుకోవడం మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు కదా అని ఆయన వాదన. నేనూ అదే అంటాను. ఒక నోటుబుక్కు కొనండి. ఒక్కో ఖాతాకు ఒక్కో పాస్‌వర్డ్ పెట్టండి. సంబంధం లేని నాలుగైదు మాటలు కలిపి పొడవుగా రాసుకోండి. పట్టా పాసుబుక్కు ఎక్కడ పెడతారో అక్కడే దాన్నీ పెట్టండి. ఎక్కడో దూర దేశంలో కూర్చున్నవాడు మీ బీరువా తెరవలేడు.

పిన్ సంగతి వేరు. ఏటీఎం పిన్, యూపీఐ పిన్ పనిచేసేది కార్డు గానీ ఫోన్ గానీ చేతిలో ఉన్నప్పుడు. అంటే దాని దొంగ మీ పక్కనే ఉంటాడు. పాస్‌వర్డ్ దొంగ దూరాన ఉంటాడు. కాబట్టి పాస్‌వర్డ్ రాయండి, పిన్ రాయకండి. కార్డు కవర్ మీద అసలే రాయకండి.

గల్ఫ్ ఇళ్లలో ఈ పుస్తకానికి ఇంకో పని ఉంది, నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది అదే. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల్లో మనిషి దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు. ఏ బ్యాంకులో ఖాతా ఉందో, బీమా ఉందో లేదో, ఎవరికి ఎంత చేబదులు ఇచ్చాడో అన్నీ ఆయన ఫోన్‌లోనే ఉంటాయి. ఆయనకు ఏదైనా జరిగితే ఫోన్ తిరిగొచ్చినా తాళం తెరుచుకోదు. భార్య పదో తరగతి పిల్లాణ్ని వెంటబెట్టుకుని బ్యాంకుల చుట్టూ తిరుగుతుంది. వెళ్లేముందు ఒక సాయంత్రం కూర్చుని ఖాతాల పేర్లు, నామినీ పేరు, ఈమెయిల్ పాస్‌వర్డ్ రాసి ఆమె చేతికివ్వండి. రహస్యాలు దాచుకోవడం ఎంత అవసరమో, సరైన మనిషికి అప్పజెప్పడమూ అంతే అవసరం.

‘ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు’ అన్న మాట మరిచిపోండి

ఈ నియమాన్ని ఎవరూ పాటించలేరు. గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయి కోడ్ అడుగుతాడు, చెప్పకపోతే బండ దిగదు. మీసేవలో సర్టిఫికెట్‌కు పోతే కౌంటర్‌లో ఓటీపీ అడుగుతారు. రేషన్ దుకాణంలో వేలిముద్ర పడకపోతే ఓటీపీయే గతి. వారంలో ఇన్నిసార్లు చెప్పించి, ఎవరికీ చెప్పొద్దంటే ఆ మాటకు బరువేముంటుంది? దొంగ ఫోన్ చేసినప్పుడు కూడా ‘మామూలే’ అనుకుని చెప్పేస్తారు.

దాని బదులు రెండే ప్రశ్నలు వేసుకోండి. ఈ అంకెలు నేను పని మొదలుపెడితే వచ్చాయా, ఎవడో మొదలుపెడితే వచ్చాయా? మెసేజ్‌లో ఏ పని అని రాసి ఉంది? మీరు కౌంటర్ ముందు నిలబడి మీ పనే చేయించుకుంటూ ఉంటే, మెసేజ్‌లోనూ ఆ పని పేరే ఉంటే చెప్పండి. మీరు ఇంట్లో ఊరికే కూర్చుని ఉండగా వచ్చిన అంకెలు ఎవరడిగినా చెప్పకండి.

ఇక్కడ బ్యాంకుల తప్పు పెద్దది. ఉట్నూర్‌లో గోండు రైతుకు, ఇంద్రవెల్లిలో కైకిలి మనిషికి డబ్బు కదిలే మెసేజ్ ఇంగ్లిషులో పంపి, చదువుకోలేదని ఆయన్ను తప్పుపడతారు. మీ బ్యాంకులో తెలుగు మెసేజ్‌ల కోసం దరఖాస్తు ఇవ్వండి. డబ్బు పంపే యాప్‌ల భాష తెలుగుకు మార్చుకోండి. ఇంగ్లిషు బాగా వచ్చినవాళ్లకూ ఇదే చెబుతాను. ఇంగ్లిషు తెరల మీద మన వేలు అలవాటుగా పరుగెత్తుతుంది, ‘చెల్లించండి’ అన్న మాట కంటబడితే ఆగుతుంది. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. బ్యాలెన్స్ చూసుకునేటప్పుడు తప్ప, పిన్ అడుగుతోందంటే డబ్బు పోతోందన్న మాటే.

ఫోన్‌లో మర్యాద మానండి

మన దగ్గర ఆఫీసరు పేరు వినపడగానే ‘చెప్పండి సార్’ అంటాం. రెండో వాక్యానికే అవతలివాడి చేతిలో పడిపోతాం. డిజిటల్ అరెస్టు మోసమంతా ఈ మర్యాద మీదే నడుస్తుంది. వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా, వెనక అశోక స్తంభం బొమ్మ, మీ ఆధార్ మీద డ్రగ్స్ పార్సిల్ దొరికిందన్న బెదిరింపు. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. 2024 అక్టోబర్ 27న మన్ కీ బాత్‌లో ప్రధాని కూడా ఇదే చెప్పారు. అయినా గంటల కొద్దీ ఫోన్ పెట్టేయకుండా కూర్చునేవాళ్లున్నారు, ఎందుకంటే మాట్లాడుతుండగా ఫోన్ పెట్టేయడం మనకు తలకొట్టేసినంత పని.

పెట్టేయండి. జవాబు చెప్పకండి, వాదించకండి, ‘నువ్వు దొంగవి’ అని గెలవాలని చూడకండి. మాట పెరిగితే వాడికే లాభం. నిజంగా పోలీసులైతే ఇంటికొస్తారు, నోటీసు ఇస్తారు. నిజంగా బ్యాంకైతే రేపు పదిన్నరకు బ్రాంచి తెరిచే ఉంటుంది. రేపటిదాకా ఆగని ప్రభుత్వ పని నేను ఇంతవరకు చూడలేదు.

మన యాస విని నమ్మడం కూడా మానాలి. ‘ఏమైతది బాపూ, గా లింకు ఒక్కసారి నొక్కు’ అని కరీంనగర్ మాటల్లో పిలిస్తే మనవాడే అనుకుంటాం. 2024లో రాజన్న సిరిసిల్ల జిల్లా యువకుడొకరు ఉద్యోగమని కంబోడియా వెళ్లి సైబర్ మోసాల ముఠా చేతిలో చిక్కాడు. ఇంటివాళ్లు సిరిసిల్ల పోలీసులకు మొరపెట్టుకుంటే, అక్కడి మన రాయబార కార్యాలయం సాయంతో బయటపడ్డాడు. ఆ ముఠాలు తెలుగు పిల్లల్ని తీసుకెళ్లేది తెలుగువాళ్లకు ఫోన్ చేయించడానికే. ఫోన్‌లో మాట్లాడేవాడు నిజంగానే మన పక్క ఊరివాడు కావచ్చు, వాడి పాస్‌పోర్టు ఇంకొకడి దగ్గర ఉండొచ్చు. గల్ఫ్ కాకుండా థాయ్‌లాండ్, కంబోడియాలలో డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంటు చెబితే పిల్లలను పంపకండి.

పంట డబ్బును ఫోన్‌కు దూరంగా పెట్టండి

వడ్ల డబ్బు, పత్తి డబ్బు ఒక్కసారే ఖాతాలో పడుతుంది. ఆరు నెలల కష్టం ఒకే అంకెగా వచ్చి కూర్చుంటుంది. ఆ ఖాతాకే యూపీఐ, దానికే ఏటీఎం కార్డు, చాయ్ తాగి పది రూపాయలు కొట్టేదీ దాని నుంచే.

రెండో ఖాతా తెరవండి. ఒకదానికి ఫోన్ ఉంటుంది, అందులో వారం ఖర్చు మాత్రమే పెట్టండి. ఇంకోదానికి యూపీఐ వద్దు, కార్డు వద్దు, నెట్ బ్యాంకింగ్ వద్దు. డబ్బు కావాలంటే బ్రాంచికి పోయి సంతకం పెట్టి తీసుకోవాలి. ఇంత సౌకర్యం వచ్చాక లైన్లో నిలబడటమేమిటని పిల్లలు అంటారు. ఆ ఆలస్యమే మీకు కాపలా. దొంగ దగ్గర లేనిది సమయం ఒక్కటే, దాన్ని మీరు వాడుకోండి. రెండు ఖాతాలు పెట్టుకోలేనివాళ్లు కనీసం యాప్‌లో రోజువారీ పరిమితి తగ్గించుకోవాలి. రోజుకు లక్ష పంపగలిగే ఏర్పాటు ఎంతమందికి అవసరం?

వేలిముద్ర దాచండి, ‘నా దగ్గర దాచడానికేముంది’ అనకండి

2018 జూన్‌లో బయటపడ్డ ధర్మపురి కేసు ఇప్పుడు చాలామందికి గుర్తు లేదు. గుర్తుండాలి. అక్కడ ప్రీపెయిడ్ సిమ్‌లు అమ్మే ఒక డిస్ట్రిబ్యూటరు రాష్ట్ర రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి భూముల దస్తావేజులు దించుకున్నాడు. భూమి అమ్మినవాళ్ల, కొన్నవాళ్ల వేలిముద్రలు, ఆధార్ నంబర్లు రెండూ ఆ కాగితాల్లోనే ఉన్నాయి. రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలోనే ఆ ముద్రల అచ్చులు తీశాడు. ఆ అచ్చులను వేలిముద్ర యంత్రం మీద పెట్టి వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడు. అమ్మకాల టార్గెట్ కోసం చేశాడని పోలీసులు చెప్పారు. ఒకేచోటి నుంచి అన్ని ధ్రువీకరణలు రావడం చూసి ఆధార్ సంస్థకు అనుమానం రాబట్టి దొరికాడు.

ఆ దస్తావేజుల్లోని రైతులు ఏ లింకూ నొక్కలేదు, ఎవరికీ ఓటీపీ చెప్పలేదు. ఫోన్‌లో ఎవరితోనూ నోరు జారలేదు. చట్టప్రకారం భూమి రిజిస్టర్ చేయించుకున్నారు, అంతే. వాళ్లను ఎంత అప్రమత్తం చేస్తే ఇది ఆగేది? తప్పు వేలిముద్రను బయట పెట్టినవాళ్లది, ఆ ముద్ర ఒక్కటే చాలన్న ఏర్పాటుది. పాస్‌వర్డ్ పోతే ఇంకోటి పెట్టుకుంటాం. వేలు మార్చుకోలేం.

తర్వాత దేశంలో చాలాచోట్ల ఇదే పద్ధతిలో ఖాతాల్లోంచి డబ్బే తీశారు. ఆధార్‌తో డబ్బు తీసే చోట బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు, ఓటీపీ రాదు. కాబట్టి ఆ సదుపాయం ఎప్పుడూ వాడనివాళ్లు ఆధార్ సంస్థ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేయండి, అవసరమైనప్పుడు కాసేపు తెరుచుకోవచ్చు. అయితే అందరూ లాక్ చేయాలన్న సలహాను నేను ఒప్పుకోను. రేషన్ బియ్యం, పింఛన్ వేలిముద్ర మీద తెచ్చుకునే ముసలవ్వ లాక్ చేస్తే ఆ నెల పొయ్యి వెలగదు. బీడీలు చుట్టి, పత్తి ఏరి గీతలు అరిగిన వేళ్లు అసలే యంత్రానికి ఆనవు. ‘ఫింగర్ పడతలేదు, రేపు రా’ అన్న మాట ఆమె నెలనెలా వింటోంది. ఆమె ఆధార్‌తో డబ్బు తీసే వీలును మాత్రం ఆపమని బ్యాంకులో రాసివ్వాలి. కొన్ని బ్యాంకులు ఆపుతాయి, ఆపకపోతే ఎందుకు ఆపరో అడగాలి. ఆమె తరఫున ఆ కాగితం రాయడం చదువుకున్న మనవళ్ల పని.

జిరాక్స్ సెంటర్‌కు ఆధార్ పీడీఎఫ్ వాట్సాప్ చేసి ప్రింటు తీయించుకునే అలవాటు మానండి. ఆ ఫైల్ ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. దానికున్న పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం అని అందరికీ తెలుసు. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఇదే సలహా ఇస్తే, జనం తప్పుగా అర్థం చేసుకోవచ్చని రెండు రోజుల్లో కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ వెనక్కి తీసుకోవడమే తప్పు, సలహా సరైనదే.

ప్రభుత్వ యాప్ కాబట్టి భద్రమనీ అనుకోకండి. 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ నుంచే పౌరుల వివరాలు లీకయ్యాయి. ఏ కౌంటర్‌లోనైనా అడిగినవన్నీ ఇచ్చేయకుండా, ‘ఇది ఎందుకు?’ అని ఒక్క మాట అడగండి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తేల్చింది. ఆ హక్కు చౌరస్తాలో సిమ్ కొనేవాడికీ ఉంది.

భద్రత కోసం కొత్త యాప్ వేసుకోకండి, ఉన్నవి తీసేయండి

యాంటీవైరస్, బ్యాటరీ డాక్టర్, క్లీనర్ అన్నీ తీసేయండి. గూగుల్ ప్లే ప్రొటెక్ట్ ఫోన్‌లో ముందే ఉంది. మీకు కావలసింది ఒక్క సెట్టింగ్: వాట్సాప్ నుంచి యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతి ఆపేయడం. 2024 జులైలో రుణమాఫీ డబ్బు పడటం మొదలవగానే, బ్యాంకు పేరు, బొమ్మ పెట్టుకున్న వాట్సాప్ ఖాతాల నుంచి ఏపీకే ఫైళ్లు, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్‌ను దింపే ఫైళ్లు తిరిగాయి. పీఎం కిసాన్ పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో, చివరికి పెళ్లి పత్రిక పేరుతో కూడా వస్తాయి. ఆ యాప్ ఫోన్‌లో దిగితే మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది, ఇచ్చారంటే ఓటీపీని మీరు చెప్పక్కర్లేదు, అదే పంపేస్తుంది. పెళ్లి పత్రిక ఫొటోగా వస్తుంది, పీడీఎఫ్‌గా వస్తుంది. ఇన్‌స్టాల్ చేయమని అడిగే పెళ్లి లేదు.

ఫోన్ కొనేటప్పుడు కెమెరా ఎంత అని కాకుండా, సెక్యూరిటీ అప్‌డేట్ ఎన్నేళ్లు వస్తుందని అడగండి. కొడుకు వాడి పారేసిన పాత ఫోన్‌లో బాపు ఖాతా పెట్టకండి. ఇంట్లో కొత్త ఫోన్ ఎవరికి అవసరమంటే డబ్బున్న ఖాతా ఎవరిదో వాళ్లకే.

డబ్బు పోయిందని తెలిస్తే తిట్టకండి

కొడుకు తిడతాడని, ఊళ్లో నవ్వుతారని రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా దాచుకున్న పెద్దవాళ్లు చాలామంది. ఆ రెండు రోజుల్లో డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి మారి మారి ఏటీఎంలోంచి బయటికి పోతుంది. దొంగకు పెద్ద సాయం చేసేది ఇంట్లోని సిగ్గు. అమ్మకో బాపుకో ఇప్పుడే చెప్పిపెట్టండి: ‘డబ్బు పోతే పోయింది, ముందు నాకు ఫోన్ చెయ్, నేనేమనను.’

పోయిన క్షణాన సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. డబ్బు మధ్యలో ఏ ఖాతాలో ఉంటే అక్కడ ఆపించడానికి వీలవుతుంది. తర్వాత బ్యాంకుకు పోయి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న తెచ్చిన నియమం ప్రకారం, తప్పు మీది గానీ బ్యాంకుది గానీ కాక మరెక్కడో జరిగితే, బ్యాంకు సమాచారం అందిన మూడు పని దినాల్లో చెప్పినవాళ్ల మీద నష్టం పడదు. ఓటీపీ మీరే చెప్పేసినా, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత పోయే డబ్బుకు బాధ్యత బ్యాంకుదే. తప్పు ఖాతాదారుదని నిరూపించాల్సింది కూడా బ్యాంకే. కౌంటర్‌లో ‘మేమేం చేయలేం’ అంటే ఆ నియమం పేరు చెప్పండి, వినకపోతే 14448కి ఫోన్ చేసి రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి. మూడు రోజుల లెక్క బ్యాంకు నుంచి మీకు సమాచారం అందిన మరుసటి రోజు నుంచి మొదలవుతుంది.